విజ్ఞానచంద్రికా మండలి: సామాన్య పాఠకుడి పుస్తకాలు

1906లో కొమర్రాజు వేంకట లక్ష్మణరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, రావిచెట్టు రంగారావు మొదలైనవారు హైదరాబాదులో విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని స్థాపించారు. ఇంగ్లీషు రానివారికి ఆధునిక చరిత్ర, శాస్త్రాలు అందడం కష్టమైన కాలమది. ఆ లోటును తీర్చడమే మండలి ఆశయం.

మండలి తొలి ప్రచురణ హరిసర్వోత్తమరావు రచించిన అబ్రహాం లింకన్ జీవితచరిత్ర. లింకన్ బడిలో గడిపిన కాలమంతా కలిపినా ఏడాది నిండదు. మిగిలిన చదువంతా స్వయంగా చదువుకున్నదే. కళాశాల మెట్లెక్కని పాఠకులకు ఇది ఎంత తగిన ఆరంభమో గమనించండి.

ఆ తరువాత లక్ష్మణరావు 'హిందూ మహాయుగము', చిలుకూరి వీరభద్రరావు 'ఆంధ్రుల చరిత్రము', కట్టమంచి రామలింగారెడ్డి 'అర్థశాస్త్రము' వంటివి వెలువడ్డాయి. వీటి సరసనే నవలలకూ చోటు దక్కింది. మండలి నవలల పోటీలు కూడా నిర్వహించింది. చరిత్ర గ్రంథాలు వేసే సంస్థకు నవలలెందుకని మీకు అనిపించవచ్చు. కేతవరపు వేంకటశాస్త్రి నవల 'రాయచూరు యుద్ధము'నే తీసుకోండి. కథ కోసం దానిని తెరిచిన పాఠకుడికి కృష్ణదేవరాయల కాలం పరిచయమవుతుంది. ఆ కాలం గురించి ఇంకా తెలుసుకోవాలనిపిస్తే చరిత్ర గ్రంథం అదే వరుసలో సిద్ధంగా ఉంది.

అయితే ఈ కృషికి పరిమితులున్నాయి. పుస్తకాలు ఎక్కువగా గ్రాంథిక భాషలో ఉండేవి. అక్షరం రానివారికి అవి ఎలాగూ అందలేదు. అయినా, లోతైన విషయాలను తెలుగులో చెప్పవచ్చునని మండలి చేసి చూపింది. ఈ పాఠాన్ని మీరు ఇంట్లో కూర్చుని తెలుగులో చదువుకోగలుగుతున్నారంటే, దాని వెనుక అటువంటి కృషి ఉంది.

ఆలోచించండి: మీ ఊరి గ్రంథాలయానికి పది పుస్తకాలు ఎంపిక చేయవలసివస్తే, అందులో నవలలు ఎన్ని ఉండాలి? ఎందుకు?