ఆలేరు చెరువులు: నీరు, శక్తి, శీతోష్ణస్థితి

సికింద్రాబాదు నుండి కాజీపేటకు పోవు రైలు భువనగిరి దాటిన కొంతసేపటికి ఆలేరు చేరును. కిటికీలో నుండి చూచువారికి ఇరుప్రక్కల బండరాళ్ళ గుట్టలు, తాటిచెట్లు, ఎఱ్ఱని చెల్కలు, వాని నడుమ అక్కడక్కడ పొడవైన చెరువుకట్టలు కనబడును. పొలములలో బోరుబావుల గొట్టములు, కరెంటు మోటార్ల డబ్బాలు కూడ కనబడును. ఆ కట్టకును, ఈ గొట్టమునకును నడుమ సుమారు ఎనిమిది వందల ఏండ్ల చరిత్ర కలదు. నీటిని ఎక్కడ నిలువ చేసితిమి? దానిని పొలమునకు చేర్చుటకు ఏ శక్తిని వాడితిమి? ఈ రెండు ప్రశ్నలు వేసికొని చూచినచో ఆ చరిత్ర చక్కగా బోధపడును.

నేల, వాన

ఆలేరు పూర్వము నల్లగొండ జిల్లాలో ఉండెను. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగినపుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరినది. ఆలేరు వాగు మూసీనదికి ఉపనది. మూసీ వాడపల్లి వద్ద కృష్ణలో కలియును. వాగు ఏడాది పొడవున పారదు. ఇచ్చట సంవత్సరమునకు కురియు వాన సుమారు 700 నుండి 800 మిల్లీమీటర్లు. అందులో అధికభాగము జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరృతి ఋతుపవనముల వలన పడును.

ఇది మిక్కిలి తక్కువ నీరని తలపరాదు. ఒక హెక్టారు నేలపై ఒక మిల్లీమీటరు వాన పడినచో 10,000 లీటర్లగును. 750 మిల్లీమీటర్లు పడినచో 75 లక్షల లీటర్లగును. చిక్కంతయు నిలువ చేయుటలోనే కలదు. ఇచ్చటి నేల అడుగున ఉన్నవి గ్రానైటు, నైసు శిలలు. ఇవి ఇసుకవలె నీటిని పీల్చుకొనవు. పైనున్న శిథిలమైన పొరలోను, రాతి పగుళ్ళలోను మాత్రమే నీరు నిలుచును. కావున వాననీటిని నేలపైననే ఆపవలసి వచ్చినది.

చెరువు అను యంత్రము

ఆలేరుకు సమీపమున ఉన్న కొలనుపాక నేడు జైనదేవాలయమునకు ప్రసిద్ధి. ఊరి పేరులో ‘కొలను’ వినబడుచున్నను, శాసనములలో కనబడు రూపము కొల్లిపాక. కల్యాణి చాళుక్యుల కాలమున ఇది ‘కొల్లిపాక-7000’ అను నాటికి ముఖ్యపట్టణము. ఇట్టి మెట్టసీమలో పట్టణములు, గుళ్ళు, వానికి అన్నము పెట్టు పల్లెలు నిలువవలెనన్న చెరువులే ఆధారము. నల్లగొండ ప్రక్కన పానగల్లులో కందూరు చోడులు ఉదయసముద్రమను చెరువును కట్టించిరి. కాకతీయ గణపతిదేవుని కాలమున పాకాల, రామప్ప చెరువులు వెలసినవి. ఆతని సోదరి మైలాంబ బయ్యారమున చెరువు నిర్మింపజేసి శాసనము వేయించినది. చెరువు కట్టించుట పుణ్యకార్యము. రాజ్యమునకు ఆదాయమార్గము కూడ.

చెరువు పనిచేయు విధానము సులభముగా కనబడును. పల్లమునకు అడ్డముగా మట్టికట్ట వేయుదురు. తూము ద్వారా నీరు ఆయకట్టుకు పోవును. నిండిన పిదప మిగులు నీరు అలుగు పారి దిగువ చెరువునకు చేరును. ఇట్లు ఒకదాని క్రింద ఒకటిగా ఏర్పడినవే గొలుసుకట్టు చెరువులు. తూము ఎత్తి, దించి నీటిని పంచు పని నీరటిది.

ఇందులో శక్తి ఏది? సముద్రపు నీటిని ఆవిరిగా మార్చి మేఘముగా పైకెత్తినది సూర్యుడు. ఆ నీరు ఎత్తైన నేలపై వానగా పడును. చెరువు దానిని ఆ ఎత్తుననే పట్టి ఉంచును. అచ్చటి నుండి పొలమునకు భూమ్యాకర్షణశక్తియే తీసికొనిపోవును. మనుష్యుడు చేయవలసినది కట్టను కాపాడుట, పూడిక తీయుట మాత్రమే.

ఆ మాత్రపు పనిని ఉపేక్షించినచో ఏమగునో 1908 చూపినది. ఆ యేడు సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదు నగరమును ముంచెను. వేలమంది మరణించిరి. అటుపిమ్మట నిజాము ప్రభుత్వము పిలువగా వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఎగువ ప్రాంతమును పరిశీలించిరి. అచ్చట 788 చెరువులుండగా 221 తెగినవని లెక్క తేలినది. గొలుసులో పై చెరువు తెగినచో ఆ నీరంతయు క్రింది చెరువుపై పడును. మంచి స్థితిలో ఉన్న గొలుసు వరదను ఆపును. పాడైన గొలుసు వరదను పెంచును. ఈ విచారణ ఫలితముగా ఉస్మాన్‌సాగర్ 1920లోను, హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తియైనవి.

మోట నుండి మోటారునకు

చెరువు క్రింద బావి ఉండుట ఈ సీమ ఆచారము. చెరువులో నిలిచిన నీరు మెల్లగా ఇంకి ఆయకట్టులోని బావులలో ఊరును. బావినీటిని రైతు మోటతో తోడెను. ఎద్దుల జత వాలుబాటలో దిగుచు మోటను పైకి లాగును. ఈ పద్ధతిలో శక్తి ఎద్దులది, ఇంధనము గడ్డి. ఎద్దులు అలసినపుడు మోట ఆగును. మోట ఆగినపుడు బావి మరల ఊరును. శక్తికి ఉన్న మితమే నీటికి కాపలాగా ఉండెను.

తరువాత ఆయిలు ఇంజన్లు, పిమ్మట కరెంటు మోటార్లు వచ్చినవి. 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడిన పిదప పల్లెలకు తీగలు చేరుట వేగమందినది. మోటకొట్టు శ్రమ తప్పినందుకు రైతు సంతోషించుట న్యాయమే. అయితే మోటారు అలసిపోదు. బావులు ఎండగా బోర్లు వచ్చినవి. ఒక బోరు ఎండినచో దానికన్న లోతుగా ఇంకొకటి వేయుట అలవాటైనది. వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు 2004లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చినది. 2018 జనవరి 1 నుండి తెలంగాణములో అది ఇరువదినాలుగు గంటల సరఫరా అయినది. ఇంతలో చెరువులు పూడినవి, అలుగులు పగిలినవి, కాలువలు మూసికొనిపోయినవి. బోరునకు నీరిచ్చునదియు ఆ చెరువే అను సంగతి మరుగునపడినది.

ఒక చిన్న లెక్క

విద్యార్థులు ఈ లెక్కను తరగతిలో చేసి చూడవచ్చును. 1,000 లీటర్ల నీటిని 10 మీటర్లు ఎత్తుటకు 98,000 జౌళ్ళ పని కావలెను. ఒక యూనిట్ విద్యుత్తు 36 లక్షల జౌళ్ళు. ఒక ఎకరము వరికి పంటకాలమున 1,200 మిల్లీమీటర్ల నీరు పెట్టితిమనుకొందము. అది సుమారు 48 లక్షల 50 వేల లీటర్లు. యంత్రములో నష్టమే లేదనుకొన్నను, పది మీటర్ల లోతు నుండి దానిని తోడుటకు 132 యూనిట్లు కావలెను. నూరు మీటర్ల లోతు నుండియైనచో 1,320 యూనిట్లు. నిజమైన పంపులలో నష్టము చాల ఉండును గనుక ఖర్చు ఇంకను పెరుగును. తూము నుండి పారు నీటికి ఒక్క యూనిట్ కూడ అక్కరలేదు.

ఈ విద్యుత్తులో అధికభాగము బొగ్గును మండించి పుట్టించునది. బొగ్గు విద్యుత్తులో ఒక్కొక్క యూనిట్‌కు సుమారు ఒక కిలోగ్రాము కార్బన్ డయాక్సైడు, అనగా బొగ్గుపులుసు వాయువు, గాలిలో కలియును. నూరు మీటర్ల లోతు నుండి పండించిన ఎకరము వరి వెనుక ఒక టన్నుకు మించిన ఈ వాయువు ఉండవచ్చునన్నమాట. భూమి వేడెక్కుటకు ముఖ్యకారణము ఈ వాయువే. 2011-2020 దశాబ్దమున భూమి సగటు ఉష్ణోగ్రత 1850-1900 నాటికన్న సుమారు 1.1 డిగ్రీల సెల్సియస్ ఎక్కువగా ఉండెను. గాలి ఒక డిగ్రీ వేడెక్కినచో సుమారు నూటికి ఏడు వంతులు అధికముగా నీటి ఆవిరిని పట్టి ఉంచగలదు. ఆ ఆవిరి ఒక్కసారిగా కురియుట కలదు. మధ్యభారతమున విస్తారమైన అతివృష్టి సంఘటనలు 1950 నుండి 2015 నడుమ మూడింతలైనవని 2017లో వెలువడిన పరిశోధన తెలిపినది. వాన కొద్ది గంటలలో కుండపోతగా పడునపుడు దానిని పట్టు పాత్ర ఏది? ఆ పాత్రలనే మనము పూడిపోనిచ్చితిమి.

లోతు తెచ్చిన మరొక కీడు ఫ్లోరైడు. గ్రానైటు శిలలలోని ఫ్లోరైడు నీటిలో కరగును. రాతితో నీరు ఎక్కువకాలము కలిసి ఉన్నకొలది ఇది హెచ్చుట కలదు. త్రాగునీటిలో లీటరునకు 1.5 మిల్లీగ్రాములు మించినచో పండ్లకు గారలు పట్టును. మిక్కిలి హెచ్చినచో ఎముకలు వంగును. ఈ వ్యాధితో నల్లగొండ జిల్లా ఎంతగా బాధపడినదనగా, పటిక, సున్నములతో నీటిని శుద్ధిచేయు విధానమునకు, నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధనసంస్థ దానిని 1970 దశకములో రూపొందించినపుడు, ‘నల్లగొండ పద్ధతి’ అనియే పేరు కలిగినది.

నదులు ఎక్కవలసిన మెట్లు

పెద్ద ప్రాజెక్టులు ఆలేరును ఏల ఆదుకొనలేదని అడుగవచ్చును. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరము నుండి 1967లో కాలువలకు నీరు విడిచిరి. ఎడమకాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్ ప్రాంతములను సస్యశ్యామలము చేసినది. కాని సాగరపు పూర్తి నీటిమట్టము 590 అడుగులు, అనగా సుమారు 180 మీటర్లు. ఆలేరు నేల 300 మీటర్లకు పైబడినది. నీరు తనంతట మిట్ట ఎక్కదు. గోదావరిని ఎత్తిపోయు కాళేశ్వరములో మేడిగడ్డ నీటిమట్టము 100 మీటర్లు. కొండపోచమ్మసాగరము 600 మీటర్లకు మించిన ఎత్తున ఉన్నది. ప్రతి మెట్టునకు విద్యుత్తు కావలెను. ఎత్తిపోతల నీరు వలదని దీని భావము కాదు. అంత ఖరీదైన నీటిని తెచ్చినను, నిలువ చేయుటకు ఊరి చెరువు బాగుండవలెను.

ఈ గుర్తింపుతోనే 2015 మార్చిలో తెలంగాణ ప్రభుత్వము మిషన్ కాకతీయను ప్రారంభించినది. రాష్ట్రమున 46,531 చిన్ననీటి వనరులను లెక్కించి, దశలవారిగా పూడిక తీయుట, కట్టలు, తూములు బాగుచేయుట మొదలుపెట్టిరి. తీసిన ఒండ్రుమట్టిని రైతులు చెల్కలకు తోలుకొనిరి. కాని పూడిక ఒకసారి తీసినంతనే తీరునది కాదు. ఏటేట వాన మట్టిని తెచ్చును. ఏటేట కట్టను చూడవలెను.

ఉపాధ్యాయులు విద్యార్థులను ఒకసారి ఊరి చెరువు వద్దకు తీసికొనిపోయి అలుగు ఎచ్చటికి పారునో, దిగువ చెరువు ఏదో, నడుమ కాలువ తెరచి ఉన్నదో లేదో పటము గీయింపవచ్చును. బడి ఆవరణలో వానమాపకము నుంచి, ఒక బావి నీటిమట్టమును నెలకొకసారి కొలిచి వ్రాసిపెట్టవచ్చును. ఐదేండ్లు వ్రాసినచో ఆ నోటుపుస్తకము ఊరికి ఉపయోగపడు శాస్త్రగ్రంథమగును. ఏ బోరు ఎంత లోతున వేయవలెనను ప్రశ్నకు ముందు, చెరువులో ఎన్ని అడుగుల నీరు నిలిచినదను ప్రశ్నను ఆ పుస్తకము ఊరివారికి గుర్తుచేయును.