విశాఖపట్టణ సువార్తానువాదము: డెస్‌గ్రాంజెస్, ఆనందరాయరు

లండను మిషనరీ సంఘమువారు పంపిన జార్జి క్రాన్, ఆగస్టస్ డెస్‌గ్రాంజెస్ అను బోధకులు 1805వ సంవత్సరమున విశాఖపట్టణము చేరిరి. అప్పటికిఁ దెనుఁగు బైబిలు లేకపోలేదు. చెన్నపట్టణమున బెంజమిను షుల్జి 1732 నాఁటికే గ్రంథమంతయుఁ దెనిఁగించెను గాని యది యచ్చుపడక వ్రాఁతప్రతిగనే యుండిపోయెను. కావున ముద్రితములై పాఠకులకందిన తొలి సువార్తలు విశాఖపట్టణమువారివే యనవలెను.

ఈ పనిలో డెస్‌గ్రాంజెస్‌కుఁ దోడైనవాఁడు క్రైస్తవమతముఁ గైకొనిన మహారాష్ట్ర బ్రాహ్మణుఁడు ఆనందరాయరు. ఈ తోడ్పాటు స్వల్పమైనదని తలఁపరాదు. క్యాంబెలు వ్యాకరణము 1816న గాని, బ్రౌను నిఘంటువు 1852న గాని వెలువడలేదు. అట్టి కాలమున, అయిదేండ్లు మాత్రమే యిచట నున్న యన్యదేశీయుఁడు పండితసాహాయ్యము లేక యొక యధ్యాయమైన నిర్దుష్టముగాఁ దెనిఁగింపఁగలఁడా? అయినను గ్రంథము డెస్‌గ్రాంజెస్ పేరనే ప్రసిద్ధమైనది.

క్రాన్ 1809న, డెస్‌గ్రాంజెస్ 1810న మృతినొందిరి. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812న వంగదేశమందలి శ్రీరామపురమున ముద్రితములయ్యెను.