చిల్లుల కార్డు చరిత్ర

నేడు ఆసుపత్రికి పోయినచో వైద్యుని చూచుటకు ముందే మన పేరు, వయస్సు కంప్యూటరులోనికి ఎక్కును. అంగడిలో కొన్న సబ్బుబిళ్ల లెక్కయు అటులనే ఎక్కును. ఇది వర్తకులు కనిపెట్టిన పద్ధతి యనియు, వైద్యశాలలు దానిని తరువాత చేపట్టిన వనియు మనము సామాన్యముగా అనుకొందుము. చరిత్రను కొంచెము వెనుకకు త్రిప్పినచో వరుస తారుమారగును. ఈ యంత్రములకు పూర్వికమైన యంత్రము మొదట లెక్కించినది సరకులను గాదు, మరణములను.

అమెరికాలో పదేండ్లకొకసారి జనాభాను లెక్కించుట రాజ్యాంగ విధి. 1880లో లెక్కకు వచ్చిన ప్రజలు 5 కోట్లకు పైబడిరి. వయస్సు, వృత్తి, జన్మస్థలముల వారీగా గుమాస్తాలు చేతితో పట్టికలు కూర్చుచుండగా ఇంచుమించు ఆ దశాబ్దమంతయు గడచినది. అక్కడ జననమరణముల లెక్కలను పర్యవేక్షించినవాడు జాన్ షా బిల్లింగ్స్ అను సైనిక వైద్యుడు. ఏ ఊర, ఏ వయస్సువారిని, ఏ వ్యాధి కబళించుచున్నదో తెలియనిదే నివారణ ఎట్లు? ఈ పనికి యంత్రమొకటి ఉండవలెనను ఊహ ఆయన మాటలవలననే తనకు కలిగినదని హెర్మన్ హొలెరిత్ అను యువ ఇంజనీరు తరువాత చెప్పెను.

ఊహకు రూపము రైలుబండిలో దొరికినది. టిక్కెట్టు మరియొకరి చేతికి పోకుండుటకై ఆనాటి కండక్టర్లు దానిపై చిల్లులు పొడిచి, ప్రయాణికుని జుట్టు రంగు, కన్నుల రంగు గుర్తించుచుండిరి. హొలెరిత్ మనిషికొక కార్డు చొప్పున తీసికొని, ఒక్కొక్క జవాబునకు ఒక్కొక్క చిల్లు ఏర్పరచెను. కార్డుపైకి సూదులు దిగును. చిల్లున్నచోట సూది క్రిందనున్న పాదరసమును తాకును, విద్యుత్తు ప్రవహించును, గడియారమువంటి ముల్లు ఒక అంకె ముందుకు జరుగును. ఇంతే దానిలోని కిటుకు.

బాల్టిమోర్ నగరపు మరణముల లెక్కలపై ఈ పద్ధతికి తొలి పరీక్ష జరిగినది. 1889లో జనాభా శాఖవారు మూడు పద్ధతులకు పోటీ పెట్టిరి. కార్డులు సిద్ధమైన పిమ్మట హొలెరిత్ యంత్రము పట్టికలను ఐదున్నర గంటలలో ముగించెను. తక్కిన రెండింటికి 44½, 55½ గంటలు పట్టెను. 1890లో 6 కోట్ల 20 లక్షలకు పైబడిన ప్రజలను లెక్కించుటకు ఈ యంత్రములే నియుక్తమైనవి.

పిమ్మట వర్తకము మేల్కొనెను. న్యూయార్క్ సెంట్రల్ రైల్వే తన సరకు రవాణా లెక్కలను కార్డుల కప్పగించెను. 1896లో హొలెరిత్ సొంత కంపెనీ స్థాపించెను. అది 1911లో మరికొన్నింటితో కలిసి, 1924లో ఐ.బి.ఎం. అను పేరు దాల్చెను. ఎలక్ట్రానిక్ యంత్రములు వచ్చిన తరువాత కూడ చాలకాలము వాటికి సమాచారమును మోసినది ఈ కార్డే.

అయితే ఆ పోటీలో మరియొక అంకె కలదు. లెక్కించుటకు ఐదున్నర గంటలు పట్టగా, కార్డులకు చిల్లులు పొడుచుటకు 72½ గంటలు పట్టెను. యంత్రము వేగము యంత్రముదే. నిజము మాత్రము చిల్లు పొడిచిన చేతిది. క్షయతో పోయినవానికి జ్వరపు గడిలో చిల్లు పడినచో, యంత్రము ఆ తప్పును తడుముకొనక, క్షణములో కూడి చూపును. అసలు గడియే లేని వ్యాధి దానికి లేనట్లే.

కార్డులు పోయి తెరలు వచ్చినను ఈ ధర్మము మారలేదు. అంగడి లెక్కలో పొరపాటు పడినచో నష్టపడునది డబ్బు. వైద్యశాల లెక్కలో పడినచో నష్టపడునది ప్రాణము. కావున ఆసుపత్రి బల్లవద్ద వయస్సో, పడని మందు పేరో అడిగినప్పుడు "ఏదో ఒకటి వేసికొనండి" అనకుందుము గాక. అక్కడ కూర్చున్న గుమాస్తా యంత్రమునకు సేవకుడు గాడు, దానికి కన్ను.