ఊదినదీ, ఊదలేనిదీ

ఊపిరితిత్తుల కొలతల్లో ముందు తేల్చుకోవలసినది వాల్యూమ్‌కీ కెపాసిటీకీ ఉన్న తేడా. వాల్యూమ్ అంటే ఇక విడదీయనవసరం లేని ఒక భాగం. కెపాసిటీ అంటే అలాంటి భాగాలు రెండో మూడో నాలుగో కలిసిన మొత్తం. కింద ఇచ్చిన అంకెలు ఆరోగ్యంగా ఉన్న మగవాడికి సుమారుగా వచ్చేవి. ఎత్తును, వయసును బట్టి మారతాయి, ఆడవారిలో కొంత తక్కువ.

టైడల్ వాల్యూమ్. టైడ్ అంటే సముద్రపు ఆటుపోటు. మామూలుగా ఊపిరి తీసుకున్నప్పుడు ఒకసారి లోపలికొచ్చి తిరిగి పోయే గాలి, 500 మి.లీ. రాకపోకలు రెండూ కలిపి వెయ్యి అనుకోకూడదు, వచ్చిందే పోతుంది. అందులోనూ 150 దాకా శ్వాసనాళాల్లోనే ఆగిపోతుంది. అంటే రక్తానికి ప్రాణవాయువు అందించే వాయుగోణుల దాకా చేరేది 350 మాత్రమే.

రిజర్వులు రెండు. మామూలు ఉచ్ఛ్వాసం పైన బలంగా ఇంకా పీల్చగలిగేది 3,000. మామూలు నిశ్వాసం తరువాత బలవంతంగా వదలగలిగేది 1,100. పేరు ఒకటే అయినా స్వభావం వేరు. మొదటిది ఇంకా లోపలికి రాని గాలి, అంటే ఊపిరితిత్తి విచ్చుకోగల మేర. రెండోది నిజంగా లోపలే ఉన్న గాలి.

వైటల్ కెపాసిటీ. టైడల్ వాల్యూమ్, రెండు రిజర్వులు, ఈ మూడూ కలిసి 4,600. నిండా పీల్చి, పూర్తిగా ఊదితే వచ్చేది ఇదే. ఈ పేరు పెట్టినవాడు లండన్ వైద్యుడు జాన్ హచిన్సన్. నీళ్లలో బోర్లించిన గంటలాంటి పాత్రలోకి రెండు వేలమందికి పైగా మనుషుల చేత ఊదించి, మనిషి ఎత్తుతో పాటు ఈ కొలత పెరుగుతుందని 1846లో ప్రచురించాడు. ‘వైటల్’ అంటే ప్రాణానికి సంబంధించినది. దీన్నిబట్టి ఆయుష్షును అంచనా కట్టవచ్చని ఆయన నమ్మకం.

రెసిడ్యువల్ వాల్యూమ్. అసలు చిక్కు ఇక్కడుంది. టెక్నీషియన్ “ఊదండి, ఊదండి, ఇంకా ఊదండి” అని ఎంత తొందరపెట్టినా బయటికి రాని గాలి, 1,200. ఊదిన గాలిని కొలిచే పరికరం స్పైరోమీటర్ తనలోకి వచ్చినదాన్నే లెక్కిస్తుంది, రానిదాన్ని లెక్కించలేదు. కాబట్టి ఈ భాగం కలిసిన ఏ కెపాసిటీనీ, అంటే 5,800 ఉండే మొత్తం కెపాసిటీని గానీ, మామూలు నిశ్వాసం చివర లోపల మిగిలే 2,300ని గానీ, అది చెప్పలేదు. దానికి వేరే దారులున్నాయి. హీలియం రక్తంలో దాదాపు కరగదు. కొలిచిన హీలియాన్ని పీల్పించి, లోపలి గాలితో కలిసి ఎంత పలచబడిందో చూస్తారు. లేదా మూసిన గాజు గదిలో కూర్చోబెట్టి, పీడనంలో వచ్చే మార్పుతో బాయిల్ సూత్రం ప్రకారం లెక్కకడతారు. మూసుకుపోయిన నాళాల వెనక చిక్కుకున్న గాలిని హీలియం చేరలేదు. గది కొలత దాన్నీ పట్టుకుంటుంది.

ఇక మొదటి సెకనులో ఎంత ఊదారన్నది భాగాల లెక్క కాదు, వేగం లెక్క. దాన్ని ఇక్కడ కలపకూడదు.

వైటల్ కెపాసిటీ తగ్గిందని రిపోర్టు చూపగానే ఊపిరితిత్తులు కుంచించుకుపోయాయని అనుకుంటారు. ఊపిరితిత్తులు గట్టిపడే ఫైబ్రోసిస్‌లో అది నిజమే. వాయుగోణుల గోడలు దెబ్బతినే ఎంఫిసీమాలో మాత్రం లోపల చిక్కిన గాలి పెరిగి, ఊదగలిగే భాగాన్ని ఆక్రమిస్తుంది. అప్పుడు వైటల్ కెపాసిటీ తగ్గుతుంది, మొత్తం కెపాసిటీ మామూలుకన్నా ఎక్కువే ఉండవచ్చు.