పదియిండ్లకొక గోపుడు

పేటను కాపాడుట రక్షకభటుల పనియేయని మనము సాధారణముగా తలంతుము. కౌటిల్యుని మతము వేరు. మైసూరు ప్రాచ్యగ్రంథాలయమున ఆర్. శామశాస్త్రిగారు గుర్తించి, 1909లో అచ్చువేయించిన అర్థశాస్త్రమున, రెండవ అధికరణము 36వ అధ్యాయము, ఈ విషయమునకే కేటాయింపబడినది.

నగరమునకు నాగరకుడు, అందలి నాలవ భాగమునకు స్థానికుడు, పదియో యిరువదియో నలువదియో కుటుంబములకు గోపుడు అధికారులు. ఏ యింట నెందరున్నారో, వారి వృత్తి యేమో, ఆదాయవ్యయము లెంతయో గోపు డెరిగియుండవలెను.

నాటి యిండ్లలో కొయ్యయు గడ్డియు మిక్కుటము. కావున అగ్నిభయమే పెద్దది. ప్రతి గృహస్థుడును అయిదు నీటికడవలు, తొట్టి, నిచ్చెన, గొడ్డలి, చేట, కొక్కెము, తోలుతిత్తి సిద్ధముగా నుంచుకొనవలెను. లేనిచో కాలుపణము జరిమానా. వీథులలో వేలకొలది నీటికుండలు బారులుగా నుండవలెను. ఇల్లంటుకొన్నప్పుడు పరుగెత్తి రాని యింటి యజమానికి 12 పణములు, అద్దెకున్నవానికి 6 పణములు దండుగ. ఇల్లు తనది కాదను సాకు అద్దెవానికి పూర్తిగా చెల్లలేదు.

ఇందు మనకు రుచింపనిదియు గలదు. వచ్చినవారిని, వెళ్లినవారిని గృహస్థు తెలుపవలెను. తెలుపనిచో రాత్రి జరిగిన దోషము తనమీదనే పడును. రక్షణ యెక్కడ ముగియునో, నిఘా యెక్కడ మొదలగునో ఆ గ్రంథము విడదీయలేదు. ఆ పని మనది. పొరుగువారి రాకపోకలను మనము లెక్కింప నక్కరలేదు. కాని వారి యింట మంట లేచిననాడు మన కడవ నిండుగా నుండవలెను.