ట్రాంబండి

నగర వీధుల్లో, మిగతా బండ్లూ మనుషులూ తిరిగే దారిలోనే, నేలకు సమంగా పరిచిన ఉక్కు పట్టాల మీద నడిచే ప్రయాణికుల బండి ట్రామ్. పాతకాలం తెలుగువాళ్ళు ట్రాము అనీ ట్రాంబండి అనీ అనేవారు. అమెరికాలో దీన్నే ట్రాలీ అంటారు. తెలుగునాట ట్రాలీ అనగానే సామాన్లు మోసే ఆటో గుర్తుకొస్తుంది గానీ, ఆ పేరు మొదట బండిది కూడా కాదు. బండి నెత్తిన పొడుగాటి కడ్డీ ఉంటుంది; దాని చివర కరెంటు తీగను ఒరుసుకుంటూ దొర్లే చిన్న చక్రం పేరది. ఫ్రాంక్ స్ప్రేగ్ అనే ఇంజనీరు 1888లో వర్జీనియా రాష్ట్రంలోని రిచ్‌మండ్‌లో ఈ పద్ధతిని ఊరంతటికీ పనికొచ్చేలా నడిపి చూపించాక గుర్రపు ట్రామ్‌లకు కాలం చెల్లింది.

మన దేశంలో ట్రామ్ మొదట తిరిగింది కలకత్తాలో. 1873 ఫిబ్రవరి 24న సియాల్దా నుంచి ఆర్మీనియన్ ఘాట్‌కు గుర్రాలు లాగిన బండ్లు బయల్దేరాయి. ఆ ఏడాది నవంబరుకే ఆగిపోయి, 1880లో మళ్ళీ మొదలయ్యాయి. కరెంటు ట్రామ్‌లో మాత్రం మద్రాసు అందరికంటే ముందు. 1895లో అక్కడ ట్రామ్ మొదలైనప్పుడు పైన తీగే లేదు, నేల కింద కాలువలో నుంచి కరెంటు అందేది. మద్రాసు వానలకు ఆ కాలువ తట్టుకోలేదు, తీగ తలపైకి ఎక్కింది. చెన్నపట్నంలో చదువుకున్న, కొలువు చేసిన, అచ్చాపీసుల చుట్టూ తిరిగిన తెలుగువాళ్ళకు రెండు మూడు తరాల పాటు ఇదే ఊరిబండి. 1953 ఏప్రిల్ 12న అది ఆగిపోయింది. ఆ అక్టోబరులోనే ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. బొంబాయిలో ఆఖరి ట్రామ్ 1964 మార్చి 31న నడిచింది.

ఈ బండ్లు ఎందుకు పోయాయి? కార్ల, బస్సుల కంపెనీలే పనిగట్టుకుని వీటిని చంపాయని అమెరికాలో చాలామంది ఒక కుట్ర కథ చెబుతారు. అందులో నిజం కొంత ఉంది: జనరల్ మోటార్స్, ఫైర్‌స్టోన్ వంటి కంపెనీల డబ్బుతో నడిచిన నేషనల్ సిటీ లైన్స్ పలు నగరాల్లో ట్రామ్ సంస్థలను కొని వాటి చోట బస్సులు పెట్టింది. బస్సుల, సామగ్రి అమ్మకాన్ని గుత్తకు పట్టేందుకు కుట్ర పన్నారని 1949లో కోర్టు ఆ కంపెనీలను దోషులుగా తేల్చింది. అయితే కుట్ర లేని ఊళ్ళలోనూ ట్రామ్ పోయింది. అసలు కారణం కార్లు. కార్లు వీధిని నింపేశాక ట్రామ్ వాటి మధ్య ఇరుక్కుంది. బస్సయితే పక్కకు తప్పుకుని పోగలదు, ట్రామ్‌కు ఆ వీలు లేదు. పట్టా మీద ఒక్క స్కూటరు అడ్డంగా నిలిపినా బండినిండా జనం దాని యజమాని కోసం ఎదురుచూడాలి.

దాని బలమూ ఆ పట్టాలోనే ఉంది. ఉక్కు మీద ఉక్కు దొర్లితే రాపిడి చాలా తక్కువ, అందుకే కొద్దిపాటి కరెంటుతో పెద్ద బరువు కదులుతుంది. టైర్లు అరిగి లేచే దుమ్ము లేదు, పొగ లేదు. ఇప్పటి పొడవైన ట్రామ్ ఒక్క డ్రైవరుతో రెండొందల మందికి పైగా మోస్తుంది. అన్నిటికంటే గొప్ప సౌకర్యం మెట్లు లేకపోవడం. మెట్రో ఎక్కాలంటే లిఫ్టు వెతుక్కోవాలి. కొత్త ట్రామ్‌లో నేల స్టాపు గట్టుకు సమంగా ఉంటుంది కనుక మోకాళ్ళ నొప్పుల ముసలమ్మ అడుగు తీసి అడుగు వేస్తే లోపలికి చేరుతుంది, చక్రాల కుర్చీ దానంతటదే దొర్లిపోతుంది.

వద్దని తీసేసిన ఊళ్ళే దీన్ని మళ్ళీ తెచ్చుకున్నాయి. ఫ్రాన్స్‌లో నాంత్ 1985లో, గ్రెనోబుల్ 1987లో మొదలుపెట్టాయి. అమెరికాలో శాన్ డియాగో 1981లోనే, పోర్ట్‌లాండ్ 2001లో ఈ దారి పట్టాయి. ఇలాంటి ఊళ్ళలో నిలిచి చూడవలసింది ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్. అక్కడ ట్రామ్ 1960లో ఆగింది. 1989 మేయర్ ఎన్నికల్లో పోరు నేల కింద మెట్రోనా, నేల మీద ట్రామా అన్నదాని మీదే నడిచింది. ట్రామ్ పక్షాన నిలబడిన కాత్రిన్ త్రౌత్‌మన్ గెలిచారు. పట్టాలు వేసి ఊరుకోకుండా, ఊరి నడిబొడ్డు నుంచి కార్లను బయటికి పంపారు. బేరాలు పోతాయని దుకాణదారులు భయపడ్డారు. 1994 నవంబరులో పెద్ద పెద్ద అద్దాల బండ్లు ఆ వీధుల్లోకి వచ్చాయి, కార్లు ఖాళీ చేసిన చోట జనం నడవడం మొదలుపెట్టారు. బోర్డో నగరం 2003లో మరో అడుగు వేసింది. పాత కట్టడాల మధ్య తీగలు వేలాడకుండా కరెంటును నేలలోని పట్టీ నుంచే ఇచ్చింది. ఆ పట్టీలో బండి కిందికి వచ్చిన ముక్కలో మాత్రమే విద్యుత్తు పారుతుంది. మద్రాసు 1895లో తలపెట్టిన పనికి ఇది దగ్గరి చుట్టమే.

అన్ని చోట్లా ఇంత సాఫీగా జరగలేదు. ఎడిన్‌బరోలో 2014లో మొదలైన ట్రామ్‌కు 77.6 కోట్ల పౌండ్లు అయ్యాయి. అనుకున్న దానికి రెట్టింపు ఖర్చు పెట్టి, అనుకున్న దానికంటే పొట్టి లైను వేశారు. ఎన్నడూ తీసెయ్యని మెల్‌బోర్న్‌కు ఈ తిప్పలు లేవు. దాదాపు 250 కిలోమీటర్ల ఆ వ్యవస్థ ప్రపంచంలోనే అతి పెద్దది. అక్కడి తెలుగువాళ్ళకూ ట్రామ్ రోజువారీ బండే.

ఇక మన కలకత్తాకు, అంటే ఇప్పటి కోల్‌కతాకు, వస్తే అక్కడ కరెంటు ట్రామ్ 1902 మార్చి 27న ఎస్ప్లనేడ్ నుంచి కిదర్‌పూర్‌కు నడిచింది. 1953లో రెండో తరగతి టికెట్టు మీద ఒక్క పైసా పెంచినందుకు ఊరు ఊరంతా రోడ్డెక్కింది. ముందు పెట్టెలో ఫ్యాన్లుండేవి, వెనకది రెండో తరగతి పెట్టె, అందులో టికెట్టు చవక. కూడలి రాగానే సిబ్బందిలో ఒకరు దిగి, ఇనప కడ్డీతో పట్టా మొనను పక్కకు నెట్టి బండిని దారి మళ్ళించేవారు. తర్వాతి కాలంలో ట్రామ్‌కు కేటాయించిన దారిని చాలా వీధుల్లో చదును చేసి కార్లకు తెరిచారు. ప్రయాణికులు నడిరోడ్డు మీద, కదిలే బండ్ల మధ్య ఎక్కి దిగాల్సి వచ్చింది. ఇంత చేశాక ట్రామ్ నెమ్మది, రద్దీకి అదే కారణం అనడం అన్యాయం. 2024 సెప్టెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ఎస్ప్లనేడ్–మైదాన్ మధ్య వారసత్వపు ముక్క తప్ప మిగతావి ఆపేస్తామని ప్రకటించింది. విషయం కలకత్తా హైకోర్టు దాకా వెళ్ళింది.

స్ట్రాస్‌బర్గ్ 34 ఏళ్ళ తర్వాత కొత్తగా పట్టాలు వేసుకోవాల్సి వచ్చింది. కోల్‌కతా వీధుల్లో అవి ఇంకా చాలా చోట్ల ఉన్నాయి. వాటి మీద తారు పోసే ముందు ఒక్క దారిలోనైనా కార్లను పక్కకు జరిపి, ట్రామ్‌కు దాని వరస దానికిచ్చి నడిపి చూడాలి.