జనుముకు అడ్డు లేదు.. గంజాయి జాతికి లేతమొక్క దశలోనే నిషేధం

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల: ఆంగ్లంలో ‘హెంప్’ అన్న మాట రెండు వేర్వేరు పంటల పేర్లలో వినిపిస్తుంది. పచ్చిరొట్ట కోసం చల్లే జనుము (సన్‌హెంప్) ఒకటి, నార, గింజల కోసం కొన్ని దేశాల్లో పెంచే గంజాయి జాతి మొక్క (హెంప్) మరొకటి. ఈ తేడా తెలియక విత్తనమో, నారో కొన్న రైతు చిక్కుల్లో పడే ప్రమాదం ఉంది.

జనుముకు లైసెన్సు అక్కర్లేదు

జనుము చిక్కుడు కుటుంబానికి చెందినది. మత్తు గుణం లేదు. వరి మడుల్లోనూ, చీనీ తోటల సాళ్ల మధ్యా పెంచి పూత దశలో కలియదున్నితే నేలకు నత్రజని అందుతుంది. విత్తన చట్టం-1966 కింద ధ్రువీకరించిన విత్తన సంచికి నీలిరంగు చీటీ ఉంటుంది. దానిపై రకం, లాటు నంబరు, గడువు తేదీ సరిచూసుకుని, రసీదు భద్రపరచుకోవాలి.

పూత రాకున్నా నేరమే

మాదకద్రవ్యాల నిరోధక (ఎన్‌డీపీఎస్) చట్టం-1985 పూత, కాయ కొసలనే ‘గంజాయి’గా నిర్వచించింది. కొసలు లేని ఆకులు, గింజలు అందులోకి రావు. అంతమాత్రాన లేతమొక్క పెంచవచ్చని భావించరాదు. ఆ జాతికి చెందిన ఏ మొక్కనైనా ‘గంజాయి మొక్క’గానే పరిగణించాలని అదే చట్టం చెబుతోంది. అనుమతి లేని సాగుకు సెక్షన్ 20 కింద 10 ఏళ్ల వరకు కఠిన కారాగార శిక్ష, రూ.లక్ష వరకు జరిమానా పడవచ్చు. తన భూమిలో అక్రమ సాగు ఉందని తెలిసీ సమాచారమివ్వని భూయజమాని సెక్షన్ 46 కింద శిక్షార్హుడు. కౌలుకిచ్చిన వారు దీన్ని గుర్తుంచుకోవాలి.

అనుమతి ఎవరిస్తారు?

నార, విత్తనం, ఉద్యాన అవసరాలకు ప్రభుత్వం ఉత్తర్వు ద్వారా సాగుకు అనుమతించవచ్చని సెక్షన్ 14 పేర్కొంటోంది. ఉత్తరాఖండ్ 2018లో ఈ మార్గాన లైసెన్సు ఇచ్చింది. అక్కడ మత్తు కలిగించే టీహెచ్‌సీ 0.3 శాతం మించరాదు. అమెరికాలోనూ ఇదే పరిమితి. అక్కడ కోతకు ముందు 30 రోజుల్లోగా పూత కొసల నుంచి నమూనాలు తీస్తారు. లేత నారును చూసి మత్తు రకమో కాదో కంటితో తేల్చలేరు.

పొరుగు రాష్ట్రపు ధ్రువపత్రం ఇక్కడి సాగుకు అనుమతి కాదు. హెంప్ గింజలను ఆహారంగా అమ్మేందుకు 2021లో ఆహార భద్రత సంస్థ (ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ) ఇచ్చిన వెసులుబాటు కూడా సాగుకు వర్తించదు. ప్రభుత్వ ఉత్తర్వు, తన పేరిట లైసెన్సు చేతికి రానిదే రైతు నారుమడి పోయరాదు.